ముప్పై ఏళ్ళ చెట్టు, రాత్రికి రాత్రి సుంకం

2025 మే 30న ముడి పామాయిల్ మీద ప్రాథమిక దిగుమతి సుంకాన్ని కేంద్రం 20 శాతం నుంచి 10 శాతానికి దించింది. మర్నాడు పొద్దున్నే బాబాయి ఫోను. "అమ్మాయ్, మన గెలకి ఎంత కోత?"

నేను జంగారెడ్డిగూడెంలో జీఎస్టీ రిటర్నులు, ఇన్‌కం ట్యాక్స్ లెక్కలు చూసుకుని బతికే మనిషిని. ఎరువుల కొట్లు, రైస్ మిల్లులు, పొగాకు రైతులకు సరుకు తోలే లారీల వాళ్ళు, ఒక చిన్న నూనె మిల్లు, ఇదీ నా ఖాతా. బాబాయికి చింతలపూడి వైపు ఎనిమిదెకరాల పామాయిల్ తోట ఉంది. అందుకని నూనె మీద సుంకం కదిలిందంటే నాకు అమ్మేవాళ్ళ నుంచీ పండించేవాళ్ళ నుంచీ ఫోన్లు వస్తాయి. ఒకళ్ళకి చెప్పిన శుభవార్తే ఇంకొకళ్ళకి చెడ్డవార్త.

బాబాయికి చెప్పిన లెక్క ఇది. ప్రాథమిక సుంకం 10, దాని మీద వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్సు 5, ఈ రెండింటి మీద సంక్షేమ సర్‌చార్జి పదో వంతు అంటే 1.5. మొత్తం 16.5. ముందు రోజు వరకూ అది 27.5. పదకొండు శాతం తేడా. టన్ను ముడి నూనె లక్ష రూపాయలకు ఓడ దిగుతుందనుకుంటే పదకొండు వేలు. టన్ను గెలలు ఆడిస్తే సుమారు 190 కిలోల నూనె వస్తుంది, అందులో రైతు వాటా దాదాపు ముప్పావు వంతు. కాబట్టి టన్ను గెలల మీద పదిహేను వందల చిల్లర. ఎకరానికి ఎనిమిది టన్నుల చొప్పున ఎనిమిదెకరాలకి ఏడాదికి లక్ష రూపాయలు. ఇండోనేషియా వాడు ఆ సందులో తన ధర కాస్త పెంచుకుంటే కోత తగ్గుతుంది, ఆ మాట కూడా చెప్పాను. ఆయన ఊరడిల్లలేదు.

ఇదే లెక్క వంటింటి వైపు నుంచి చూడండి. కిలోకి పదకొండు రూపాయలు. తగ్గింపు మొత్తం ప్యాకెట్ దాకా వచ్చిందనే అనుకుందాం. నెలకి మూడు లీటర్లు వాడే ఇంట్లో మిగిలేది ముప్పై రూపాయలు. ముప్పై రూపాయలే కదా అని తీసెయ్యను. పునుగుల బండి పెట్టుకున్నామెకి, రేషన్లో పామాయిల్ ప్యాకెట్ ఎప్పుడిస్తారా అని చూసిన ఇళ్ళకి అది డబ్బే. 2013లో అమ్మహస్తం సంచీలో తొమ్మిది సరుకులు 185 రూపాయలకి ఇచ్చినప్పుడు మా వీధిలో ముందు అడిగింది ఆ నూనె ప్యాకెట్ గురించే. చవక నూనె పేదవాడికి మేలు. కాకపోతే ఆ మేలు దేశం మొత్తానికి పలచగా పంచబడుతుంది, నష్టం మాత్రం కొన్ని మండలాల మీద గుట్టగా పడుతుంది. పలచటి మేలుకి ఎవరూ చప్పట్లు కొట్టరు. గుట్టగా పడ్డ నష్టానికి గొంతులు చాలవు.

పామాయిల్ రైతు గొంతు ఎందుకు చాలదో తోట చూసిన వాళ్ళకి తెలుసు. వరి కల్లంలో ఉంచుకోవచ్చు, మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చు. గెల కోసిన తర్వాత ఒకట్రెండు రోజుల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే ఆమ్లం పెరిగి నూనె పాడవుతుంది. పైగా 1993 నాటి ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం ఏ ఊరి తోట ఏ ఫ్యాక్టరీ జోన్లో ఉందో ఆ ఫ్యాక్టరీకే తోలాలి. ధర బాలేదని ఈ ఏడు వేరే పంట వేద్దామా అంటే, అది ఎకరానికి 57 చెట్లు పాతుకుని మూడు నాలుగేళ్ళు ఎదురుచూసి, పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు కోసుకునే తోట. మధ్యలో కోకో వేసుకోవడం తప్ప తిప్పుకోవడానికి చోటు లేదు.

ఇక ఒప్పందం సంగతి.

ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో సరుకుల వ్యాపార ఒప్పందం మీద భారతదేశం 2009 ఆగస్టు 13న బ్యాంకాక్‌లో సంతకం పెట్టింది. మిరియాలు, తేయాకు, కాఫీ, పామాయిల్ "ప్రత్యేక ఉత్పత్తులు" అన్నారు. అంటే వీటి మీద సుంకం సున్నా చెయ్యరు, పదేళ్ళలో కొంత దించుతారు. కేరళలో దీని మీద పెద్ద రగడే జరిగింది. ఆ అక్టోబరు 2న వామపక్షాలు రాష్ట్రం పొడవునా మానవహారం కట్టాయి. మన దగ్గర? సంతకం పెట్టిన మూడు వారాలకి వైఎస్ హెలికాప్టర్ కూలింది. డిసెంబరు 9న తెలంగాణ ప్రకటన, తర్వాత రాజీనామాలు, బంద్‌లు. 2010 జనవరి 1న ఒప్పందం అమల్లోకి వచ్చేనాటికి మా జిల్లాలో దాని గురించి మాట్లాడుకున్నట్టు నాకు గుర్తే లేదు. దేశంలో పామాయిల్ గెలల్లో సింహభాగం పండించే రాష్ట్రం మనది, ఆయిల్‌పామ్ మీద జాతీయ పరిశోధనా సంస్థ ఉన్నది మా పెదవేగిలో. అరిచింది మాత్రం మిరియాలు పండించేవాళ్ళు.

ప్రపంచ వాణిజ్య సంస్థ లెక్కలో పామాయిల్ మీద భారత్ 300 శాతం దాకా సుంకం వేసుకోవచ్చు. అంత వెయ్యమని ఎవరూ అడగలేదు గానీ, హక్కు ఉంది. ఆసియాన్ ఒప్పందం ఆ పైకప్పుని 2019 ఆఖరుకల్లా ముడి నూనెకి 37.5, శుద్ధి చేసినదానికి 45 దగ్గరికి దించేసింది. మనకి పామాయిల్ వచ్చేది ముఖ్యంగా ఇండోనేషియా, మలేషియాల నుంచే, రెండూ ఆసియాన్ దేశాలే. కాబట్టి ఆ 300 కాగితం మీద అంకె.

పైకప్పు మామూలు రోజుల్లో నెత్తికి తగలదు. ఒప్పందాన్ని తిట్టేవాళ్ళు ఈ మాట దాటేస్తారు. 2008 ఏప్రిల్లో ధరలు పెరిగాయని ముడి నూనె మీద సుంకాన్ని సున్నా చేసింది మన ప్రభుత్వమే, అప్పటికి ఆ ఒప్పందం లేదు. కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ ఉంది, "ప్రజాప్రయోజనం కోసం" అని ఒక్క నోటిఫికేషన్ చాలు, పార్లమెంటు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు సుంకం పైకప్పుకి బహు దూరంలో నేల మీదే ఉంది.

మరి తగిలింది ఎప్పుడు? రైతుకి అవసరమైనప్పుడు. 2018లో ప్రపంచ ధర పడిపోతుంటే మార్చిలో ముడి నూనె సుంకం 44కి, శుద్ధి నూనె సుంకం 54కి పెంచారు. టన్ను గెలలు పది వేల లోపు పలుకుతున్న రోజులవి. ఆ సమయంలోనే 2019 జనవరి 1న ఒప్పందం గడువు వచ్చి 44ని 40 చెయ్యాల్సి వచ్చింది, 54ని 50 చెయ్యాల్సి వచ్చింది. మలేషియాకైతే విడి ఒప్పందం వల్ల శుద్ధి నూనె 45కే. ఏడాది తిరిగేసరికి 37.5, 45. ధర పడ్డప్పుడు ఒప్పందం అడ్డుపడుతుంది. ధర లేచినప్పుడు ప్రభుత్వమే దించేస్తుంది. రెండు వైపులా కోతే.

మలేషియా నుంచి శుద్ధి నూనె వెల్లువెత్తినప్పుడు మాత్రం చకచకా కదిలారు. 2019 సెప్టెంబరులో దాని మీద ఆరు నెలలకి 5 శాతం రక్షణ సుంకం వేశారు. ఒప్పందంలోనే దానికి వీలుంది, అది వాడారు, మంచిదే. కానీ అడిగింది ఎవరు, దెబ్బ తగిలింది ఎవరికి? రిఫైనరీలకి. ముడి నూనెకీ శుద్ధి నూనెకీ మధ్య సుంకం తేడా ఎంత ఉంటే ఇక్కడి రిఫైనరీకి అంత నీడ. 2025 మే నోటిఫికేషన్ ముందు ఆ తేడా 8.25 శాతం, దాని తర్వాత 19.25. ముడి నూనెకి 16.5కి దించి, శుద్ధి నూనెని 35.75 దగ్గరే ఉంచారు కాబట్టి. కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో ఉన్న నూనె రిఫైనరీలకి అది పెద్ద ఊరట. అక్కడ పనిచేసేవాళ్ళూ మనవాళ్ళే, వాళ్ళ ఉద్యోగాలు నిలబడాలనే కోరుకుంటాను. అయితే "దేశీయ పరిశ్రమకి రక్షణ" అని పేపర్లో చదివినప్పుడు ఆ పరిశ్రమ రేవు దగ్గర మొదలవుతుందే గానీ తోట దగ్గర కాదని తెలుసుకోవాలి. తగ్గింపు లాభాన్ని జనానికి అందించమని కేంద్ర ఆహార శాఖ తర్వాత నూనె సంఘాలకి సలహా పంపింది. సలహా!

నేపాల్ గురించి చెప్పకుండా ముందుకెళ్ళలేను, మా ఆఫీసులో కుర్రాళ్ళకి ఇది పాఠంలా చెబుతుంటాను. నేపాల్లో పామాయిల్ తోటల్లేవు. అయినా 2019-20 ప్రాంతంలో ఆ దేశం ఎగుమతుల్లో పామాయిల్ ముందు వరసలో నిలిచింది. ఇండోనేషియా, మలేషియా ముడి నూనె మన రేవుల్లోనే దిగి, మన రోడ్ల మీదుగా నేపాల్ వెళ్ళి, అక్కడ శుద్ధి అయి, దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద సుంకం లేకుండా మళ్ళీ మన దేశంలోకి వచ్చేది. మనం సుంకం ఎంత పెంచితే ఆ దారి అంత లాభం. 2020 జనవరిలో శుద్ధి పామాయిల్ దిగుమతిని నియంత్రిత జాబితాలో పెడితే నేపాల్ సోయా నూనెకి మళ్ళింది. సోయా కూడా అక్కడ ఆ స్థాయిలో పండదు. 2024 సెప్టెంబరులో సుంకాలు పెరగ్గానే ఆ బాట మళ్ళీ రద్దీ అయింది. దీంట్లో దొంగతనం ఏమీ లేదు, అంతా రసీదులతోనే.

2021 సంగతి నాకు ఇంకా కారంగా ఉంటుంది. ఆగస్టు 18న కేంద్ర మంత్రివర్గం 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ జాతీయ మిషన్‌ని ఆమోదించింది. 2025-26 నాటికి తోటలు పది లక్షల హెక్టార్లు కావాలన్నారు, రైతులారా మొక్కలు నాటండి అన్నారు. నిండా రెండు నెలలు కాలేదు, అక్టోబరు 14 నుంచి ముడి పామాయిల్ మీద ప్రాథమిక సుంకం సున్నా. తర్వాత ఫిబ్రవరికి సెస్సు కూడా తగ్గి మొత్తం సుంకం 5.5 శాతానికి వచ్చింది. అప్పుడు ప్రపంచ ధర మండిపోతోంది, 2022 ఏప్రిల్లో ఇండోనేషియా ఎగుమతులే ఆపేసింది, గెలలు టన్ను 20 వేలు దాటాయి. బాబాయి కొత్త ట్రాక్టర్ ట్రాలీ కొన్నాడు. ఆపిన ఎగుమతులు మే చివర్లో వదిలేసరికి ధర జారడం మొదలై 12, 13 వేల దగ్గరికి వచ్చింది. పెంచుకోవడానికి ఈసారి ఒప్పందం అడ్డు లేదు, 37.5 దాకా చోటు ఉంది. అయినా 5.5 అలాగే ఉండిపోయింది, రెండేళ్ళు దాటి, ఎన్నికలు అయ్యేదాకా. 2024 సెప్టెంబరు 14న 27.5 చేశారు. తెలంగాణలో 14 వేల చిల్లర ఉన్న గెల ధర ఆ ఏడాది చివరికి 20 వేలు దాటింది. ప్రపంచ ధర కూడా పెరిగిందనుకోండి, అంతా సుంకం మహిమ కాదు.

ఈ సుంకం డబ్బు ఎటు పోతుందో ఎవరూ అడగరు, నేను పన్నుల మనిషిని కాబట్టి అడుగుతాను. ప్రాథమిక సుంకంలో రాష్ట్రాలకి వాటా ఉంది, సెస్సులో సర్‌చార్జిలో లేదు. 2025 మేలో చేసిన 16.5లో పంచుకునేది 10, కేంద్రం పూర్తిగా దాచుకునేది 6.5. 2021 బడ్జెట్లో అయితే ప్రాథమిక సుంకం 15, సెస్సు 17.5. వ్యవసాయం పేరుతో వేసిన సెస్సు, వ్యవసాయం చూసుకునే రాష్ట్రాలకి పంచనక్కర్లేని సెస్సు.

ఈ కథలోకి కంపెనీ పన్ను కూడా వస్తుంది, తేదీలు వరసగా పెట్టుకుంటే కనిపిస్తుంది. 2019 జనవరి 1న ఒప్పందం గెల మీద మొదటి కోత. అదే ఏడాది డిసెంబరు 31 నోటిఫికేషన్‌తో రెండోది. మధ్యలో సెప్టెంబరు 20న ఆర్థికమంత్రి గోవాలో కంపెనీ పన్ను 30 నుంచి 22 శాతానికి తగ్గించామని ప్రకటించారు. కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకి 15. సెన్సెక్స్ ఆ ఒక్కరోజే 1,900 పాయింట్లకు పైగా ఎగిరింది. ఖజానాకి పోయేది ఏడాదికి 1.45 లక్షల కోట్లని వాళ్ళే చెప్పారు. 2018-19లో 6.63 లక్షల కోట్లు వచ్చిన కంపెనీ పన్ను మర్నాటి ఏడాది 5.57 లక్షల కోట్లకి దిగింది.

ఈ రెండిటికీ సంబంధం ఉంది. సరుకు సుంకం లేకుండా దేశాలు దాటుతుంటే ఫ్యాక్టరీ ఎక్కడ పెట్టినా ఒకటే. వియత్నాం ఆసియాన్ దేశం, అక్కడ కంపెనీ పన్ను 20. అక్కడ తయారుచేసి ఇక్కడ అమ్ముకోగలిగినవాడు ఇక్కడ 30 ఎందుకు కడతాడు? అందుకే మనమూ దించాం. 2021లో 130కి పైగా దేశాలు కూర్చుని పెద్ద బహుళజాతి కంపెనీలకి కనీసం 15 శాతం అని ఒప్పుకున్నాయంటే, ఈ దించుడు పోటీ ఎక్కడిదాకా పోతుందోనని వాళ్ళకే భయం వేసింది. సరుకు స్వేచ్ఛగా కదిలేకొద్దీ కదిలేవాళ్ళ మీద పన్ను తగ్గుతుంది, కదలలేని వాళ్ళ మీద భారం ఉంటుంది. జీతగాడు కదలలేడు. 2023-24లో వ్యక్తులు కట్టిన ఆదాయపు పన్ను కంపెనీలు కట్టినదాన్ని మించింది. 2019 తగ్గింపు తర్వాతి ఏళ్ళలో కంపెనీ పన్ను వసూళ్ళు కోలుకుని 9 లక్షల కోట్లు దాటాయి, అది దాచను, కానీ ఎవరి వాటా ఎంత అనేది మారిపోయింది.

నా నూనె మిల్లు క్లయింటుది ఇంకో కథ. అన్నదమ్ములిద్దరి భాగస్వామ్య సంస్థ, వేరుశనగ, నువ్వులు ఆడిస్తారు. "అందరికీ పన్ను తగ్గించారన్నారు, మాకెందుకు తగ్గలేదమ్మా?" అని పెద్దాయన అడిగారు. కంపెనీలకి తగ్గింది సార్, ఫర్ములకి కాదు. సెస్సు, సర్‌చార్జి కలిపితే 22 శాతం కంపెనీకి పడేది 25.17. వీళ్ళకి 30, సెస్సు కలిపి 31.2. న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి: కంపెనీ పంచే డివిడెండు మీద వాటాదారు మళ్ళీ పన్ను కట్టాలి, ఫర్ము లాభంలో భాగస్వామి వాటాకి మళ్ళీ పన్ను లేదు, వాళ్ళ జీతం, వడ్డీ కూడా కొంత ఖర్చు రాసుకోవచ్చు. కానీ లాభాన్ని వ్యాపారంలోనే ఉంచి మిల్లు పెంచుకుందామనుకునేవాడికి ఆ ఆరు శాతం తేడా తేడాయే. దానికి తోడు నూనె మీద జీఎస్టీ 5, రేకు డబ్బాలు, ప్లాస్టిక్ ప్యాకింగ్ మీద 18. అలా కొనేటప్పుడు ఎక్కువ కట్టి మిగిలిపోయిన పన్ను క్రెడిట్‌ని రీఫండ్ అడిగే దారి వంటనూనెలకి 2022 జూలై 18 నుంచి మూసేశారు. కంపెనీగా మార్చుకుందామా అంటే ఆడిట్ ఫీజులు, కంపెనీల రిజిస్ట్రార్ (ఆర్వోసీ) దగ్గర ఫైలింగులు, ఇద్దరన్నదమ్ములూ డైరెక్టర్లు. పెద్దాయన ఆ కాగితాలు చూసి, "మా నాన్న ఒక్క సంతకంతో పెట్టాడమ్మా ఈ మిల్లు," అని పక్కన పెట్టేశారు. ఆయన అసలు పోటీ పక్క ఊరి మిల్లుతో కాదు, ఓడ దిగిన పామాయిల్‌తో.

ఒకప్పుడు ఇలా లేదు. 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టాక 1990ల మొదట్లో దేశం వంటనూనెల్లో దాదాపు తన కాళ్ళ మీద నిలబడింది. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపు తెరిచారు, నాలుగేళ్ళలో సుంకం 65 నుంచి 15 దాకా దిగింది. ఇప్పుడు ఏటా కోటిన్నర టన్నులకి పైగా నూనె కొంటున్నాం, వాడే నూనెలో సగానికి పైగా బయటిదే. వేరుశనగ రైతు పోయినచోటే ఇప్పుడు పామాయిల్ వెయ్యమంటున్నారు.

బాబాయి తోటలో సగం చెట్లు 1990ల్లో పెట్టినవి. గడకి కొడవలి కట్టినా గెల అందనంత ఎత్తుకి పోయాయి, కొట్టేసి మళ్ళీ నాటాలి. మొన్న వచ్చి కూర్చున్నాడు. మిషన్ కింద గ్యారంటీ ధర ఉందట కదా అన్నాడు. ఉంది. గత అయిదేళ్ళ ముడి నూనె సగటు ధరని హోల్‌సేల్ ధరల సూచీతో సరిచేసి, దాంట్లో 14.3 శాతం గెలకి గిట్టుబాటు ధర. మార్కెట్ ధర దానికన్నా తక్కువైతే తేడా ప్రభుత్వం రైతు ఖాతాలో వెయ్యాలి. 2037 నవంబరు 1తో ఆ పథకం ముగుస్తుంది. బాబాయి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఇప్పుడు నాటితే కాపుకి నాలుగేళ్ళు, నిండుకాపుకి ఏడెనిమిదేళ్ళు. "అంటే చెట్టు గట్టిగా కాసేటప్పటికి గ్యారంటీ అయిపోద్దా?"

గట్టిగా కాయడం మొదలైన కొన్నేళ్ళకే అయిపోతుంది అన్నాను.

పొగాకు వెయ్యి అని పిన్ని పోరుతోంది, ఆయనకి ఆకు కాల్చే బ్యారన్ దగ్గర రాత్రుళ్ళు మేలుకునే ఓపిక లేదు. మొక్కజొన్నకి కూలీలు దొరకడం లేదు. చివరికి నాలుగెకరాలకి మొక్కలు రాయించుకున్నాడు, ఎకరానికి 57 చొప్పున. మిగతా పాత చెట్లు ఇంకో రెండేళ్ళు ఉంచుతాడట, సుంకం ఎటు పోతుందో చూసి.